ఇంటి వేడికి ప్రభుత్వ ధనము

తిరువూరులో ఇల్లు వెచ్చబెట్టుకొనుటకు ప్రభుత్వము సొమ్మిచ్చుట యనగానే విద్యార్థులు నవ్వుదురు. వేసవిలో మామిడితోట నీడ కూడ చాలని ఊరిది. అయితే వేడి మనకును కావలెను. శీతల దేశములవారు గదులు వెచ్చబెట్టుటకు వాడు ఇంధనమును మనము పొయ్యిలో వాడుదుము. ఆ పొయ్యికి కట్టె, కిరసనాయిలు కాక తరుగని ఇంధనమును సమకూర్చుటకై మన ప్రభుత్వము చేసిన ప్రయత్నములలో గోబర్ గ్యాసు కథ ముఖ్యమైనది.

పేడను నీళ్ళతో కలిపి గాలి చొరని తొట్టిలో నుంచినచో, ప్రాణవాయువు లేకయే బ్రతుకగల సూక్ష్మజీవులు దానిని కుళ్ళజేయును. అప్పుడు వెలువడు వాయువులో సగమునకు పైగా మీథేన్. మిగిలినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. ఈ జీవులు 35 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపున చురుకుగా పనిచేయును గనుక మన యెండ ఇక్కడ మేలే చేయును. పిడక కాల్చినచో ఎరువు బూడిదయగును; తొట్టిలో వేసినచో మంటయు దక్కును, ఎరువును దక్కును.

1897లోనే బొంబాయిలోని మాతుంగ కుష్ఠురోగుల ఆశ్రమములో వ్యర్థముల నుండి ఇట్టి వాయువును తీసిరి. 1950 దశకములో జశ్‌భాయి పటేలు ఇనుప డ్రమ్ము పైకి క్రిందికి తేలియాడు నమూనాను రూపొందించెను. తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషను దానిని పల్లెలకు చేర్చెను. 1981-82లో కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకము నారంభించి, తొట్టి కట్టుకొనువారికి సబ్సిడీ నిచ్చెను.

చిక్కు అక్కడనే వచ్చినది. సొమ్ము ఇచ్చినది కట్టినందుకు. కట్టిన తొట్లను లెక్కవ్రాయుట కార్యాలయమునకు సులభము. మండుచున్న పొయ్యిలను లెక్కించుటకు ఇంటింటికి తిరుగవలెను. ఇనుప డ్రమ్ము తుప్పు పట్టును, ధరయు హెచ్చు. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో డ్రమ్మే లేదు. ఇటుకల గుమ్మటమే వాయువును పట్టియుంచును. తొట్టి కట్టించు సంస్థలకు వేరుగా రుసుము నిచ్చి, కొన్నేండ్లు ఉచితముగా మరమ్మతు చేయు బాధ్యతను వారిపై నుంచిరి. పథకము మొత్తములో తెలివిగా ఖర్చయిన రూపాయి అదియేనని నా అభిప్రాయము.

ఇంతలో 1999లో మన రాష్ట్రమున దీపం పథకము వచ్చి, పేద స్త్రీలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇచ్చెను. పేడ ఎత్తకుండ, నీళ్ళు కలుపకుండ మండు పొయ్యి ప్రక్కింట కనబడినప్పుడు తొట్టి వైపు ఎవరు పోవుదురు? ఒకే ప్రభుత్వపు రెండు చేతులు రెండు పొయ్యిలను ఊదినట్లయినది. 2010లో ఆరంభమైన జాతీయ సౌరశక్తి మిషను క్రింద సూర్యరశ్మితో స్నానపునీరు కాచు పరికరములకును సబ్సిడీ దొరకెను. 2014లో దానిని ఆపివేసిరి.

కట్టినందుకు గాక, పుట్టిన వేడికే సొమ్మిచ్చినచో? ఆ ప్రయోగమును ఉత్తర ఐర్లండులో 2012లో చేసిరి. అది ఇండ్లకు గాక, రైతులకు, వ్యాపారులకు ఉద్దేశించినది. చెక్కగుళికల వంటి వాటితో మండు బాయిలర్లు ఇచ్చు వేడికి యూనిట్టు లెక్కన డబ్బు ముట్టెను. ఆ డబ్బు ఇంధనపు ధరను మించెను. పై హద్దు పెట్టుట మరచిరి. ఎంత కాల్చిన అంత లాభము గనుక ఖాళీ షెడ్లను సైతము వేడిచేయుచున్నారని ఆరోపణలు వచ్చినవి. 2016లో క్రొత్త దరఖాస్తులు ఆపిరి. 2017 జనవరిలో ఈ రభసతోనే అక్కడి ఉమ్మడి ప్రభుత్వము కూలెను.

మన తొట్టి దగ్గరకు వత్తము. రోజుకు రెండు ఘనమీటర్ల వాయువు నిచ్చు తొట్టికి సుమారు 50 కిలోల పేడ కావలెను. పశువునకు పది కిలోల చొప్పున అయిదు పశువులు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే వారి వీధిలో అయిదు పశువులున్న ఇండ్లను లెక్కింపజేయవచ్చును. ట్రాక్టరు వచ్చి ఎద్దులు పోయిన రైతు ఇల్లు ఆ లెక్కలో చేరదు. మొదటినుండి పశువే లేని కూలివాని ఇల్లును చేరదు. తొట్టి ఖర్చంతయు ప్రభుత్వమే భరించినను అతని పొయ్యి వెలుగదు.