బహదూర్‌పురా: వేట నుంచి పక్షి వీక్షణ దాకా

బహదూర్‌పురా హైదరాబాద్ పాతబస్తీ అంచున, పురానాపూల్ నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే దారిలో ఉంది. ఆ పేరు వినగానే నగరవాసికి గుర్తొచ్చేది జూ పార్క్. 380 ఎకరాల్లో విస్తరించిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల, దాన్ని ఆనుకుని మీర్ ఆలం చెరువు, చెరువు మీదికి చలికాలంలో దిగే పక్షులు కలిసి ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చాయి. ఒకప్పటి నిజాం రాజ్యంలో అడవి జంతువంటే గురిపెట్టాల్సిన లక్ష్యం. అదే రాజధాని పొలిమేరలో, ఒకటిన్నర శతాబ్దం తిరగకముందే, జంతువు కంటితో చూసి కాపాడుకోవాల్సిన ప్రాణిగా మారింది. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పుకోవడానికి బహదూర్‌పురా కన్నా తగిన చోటు తెలంగాణలో మరొకటి లేదు.

అన్నిటికన్నా ముందు ఇక్కడ ఉన్నది చెరువు. నిజాం దీవాన్‌గా పనిచేసిన మీర్ ఆలం 1804లో శంకుస్థాపన చేస్తే 1806 నాటికి కట్ట పూర్తయింది. కట్టంటే మామూలు మట్టికట్ట కాదు. నీటి వైపుకు ఉబ్బిన 21 అర్ధవృత్తాకారపు రాతిగోడలను పక్కపక్కన నిలబెట్టి కట్టారు. నీటి ఒత్తిడిని ఒక్కో వంపు తన రెండు కొసల మీదికీ పంచేస్తుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు వచ్చేదాకా నగరం తాగింది ఎక్కువగా ఈ నీళ్లే. మనుషుల కోసం తవ్విన చెరువుకు చేపలు వచ్చాయి, చేపల కోసం పక్షులు వచ్చాయి.

దొరల వేట

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన వేటగాడు. ఆయన తుపాకీకి ముప్పైకి పైగా పులులు బలయ్యాయని ప్రతీతి. తీస్ మార్ ఖాన్ అన్న మాటను జనం ఆయనకు అంటగట్టింది అందుకే. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ ఆ వేట శిబిరాలను చక్కగా ఫొటోల్లోకి ఎక్కించాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర వేటకు దిగినప్పుడు తీసిన చిత్రం వాటిలో ప్రసిద్ధం. పడి ఉన్న పులి, దాని వెనుక కర్జన్ దంపతులు.

ఆ పులిని మంచె ముందుకు తోలుకొచ్చింది ఎవరు? వేట భాషలో దాన్ని హాకా అంటారు. ఊళ్ల నుంచి మనుషులను పోగుచేసి, డప్పులు వాయిస్తూ, కేకలు పెడుతూ, పొదలు చరుస్తూ అడవిని ఒక పక్క నుంచి ఊడ్చుకురావాలి. తెలంగాణ పల్లెల్లో ఈ పని వెట్టిలో భాగం. పులి అడుగుజాడ ఏ పూటదో, నీళ్లకు ఏ వాగుకు వస్తుందో, జింక ఏ పక్క నుంచి కదులుతుందో తెలిసినవాళ్లు వాళ్లే. పేర్లు మాత్రం దొరలవి మిగిలాయి. వేట చరిత్రలో పూడ్చాల్సిన పెద్ద లోటు ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

పల్లె మాత్రం ఆ దొరను మరో రకంగా గుర్తుపెట్టుకుంది. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీతో వీధిలోకి వచ్చి కోతలు కోసే పిట్టలదొర తెలంగాణ జానపద కళాకారుల్లో ఒకడు. తుపాకీ రాముడన్నా అతడే. లేని జాగీరుల గురించి, కొట్టని పిట్టల గురించి అతడు చెప్పే గొప్పలకు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. వేట సంబరానికి పిలుపు అందనివాళ్లు దాన్ని ఇలా తమ వాకిట్లోకి తెచ్చుకున్నారు.

జింకల వేటకు తుపాకీతో పాటు చీతా కూడా ఉండేది. తెలుగులో చిరుత అంటే మచ్చల పులి. చీతా వేరే జంతువు. సన్నని నడుము, కంటి నుంచి నోటిదాకా కన్నీటి చారలా దిగే నల్లటి గీత దాని ఆనవాళ్లు. దాన్ని మచ్చిక చేసి, కళ్లకు గంతలు కట్టి బండి మీద తీసుకెళ్లి, కృష్ణజింకల మంద కనబడగానే గంతలు విప్పి వదిలేవారు. దేశంలో చీతాలు అరుదైపోయాక, కొన్ని సంస్థానాలు 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆఫ్రికా నుంచి తెప్పించుకున్నాయి. 1952లో ప్రభుత్వం భారతదేశంలో చీతా అంతరించిందని ప్రకటించింది.

తుపాకీ పట్టిన పక్షి శాస్త్రవేత్త

వేటకూ వీక్షణకూ నడుమ గోడ లేని కాలం ఒకటుంది. 1931లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. ఒక ప్రాంతపు పక్షులన్నిటినీ పద్ధతిగా నమోదు చేసే పని ఆయన చేపట్టడం అదే మొదలు. ఖర్చులో నిజాం ప్రభుత్వం చేయూతనిచ్చింది. భార్య తెహ్మీనా శిబిరాల్లో వెంట నడిచింది. అప్పట్లో పక్షిని రూఢిగా గుర్తించాలంటే కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి, కొలతలు రాసి భద్రపరచాల్సిందే. ఆ నమూనాలను ఇంగ్లండ్‌లోని పక్షి శాస్త్రవేత్త హ్యూ విస్లర్ పరిశీలించి రాసిన వివరణలతో కలిపి, సర్వే ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933, 1934 సంవత్సరాల్లో భాగాలుగా అచ్చయ్యాయి. దక్కను పక్షుల గురించి ఈనాటికీ పరిశోధకులు ముందుగా తిరగేసేది వాటినే.

సలీం అలీ పక్షుల్లోకి వచ్చింది కూడా వేట దారినే. చిన్నతనంలో గాలి తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనబడి, అదేం పిట్టో తెలుసుకోవాలని సొసైటీ మెట్లెక్కాడు. గురి నేర్చిన కన్నే తర్వాత గుర్తుపట్టడం నేర్చింది.

బాగ్-ఎ-ఆమ్ నుంచి బహదూర్‌పురాకు

నిజాం కాలపు జంతుశాల నాంపల్లి దగ్గర పబ్లిక్ గార్డెన్స్‌లో, అప్పటి పేరుతో బాగ్-ఎ-ఆమ్‌లో ఉండేది. ఇరుకు బోనులు, చుట్టూ పెరుగుతున్న నగరం. కొత్త జంతుశాల కోసం 1959 అక్టోబరు 26న బహదూర్‌పురాలో పని మొదలైంది. 1963 అక్టోబరు 6న సందర్శకులకు గేట్లు తెరిచారు.

పాత తోట నుంచి నడిచొచ్చిన జంతువుల్లో ఇద్దరి సంగతి చెప్పాలి. రాణి అనే ఏనుగు 1938లో పుట్టింది. మొహర్రంలో బీబీ కా ఆలం అనే పీరును మోసింది, బోనాల ఊరేగింపులోనూ నడిచింది. రెండు పండుగలకూ ఒకే వీపు. 2021 జూన్‌లో 83వ ఏట చనిపోయింది. రెండోది గాలపాగోస్ దీవుల జాతి తాబేలు. 1963లో పబ్లిక్ గార్డెన్స్ నుంచి వచ్చి, 2024 మార్చిలో సుమారు 125 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మహబూబ్ అలీ ఖాన్ పులులను వేటాడుతున్న రోజుల్లోనే పుట్టిన ప్రాణి, సెల్‌ఫోన్ ఫొటోలకూ నిలబడింది.

ఇక్కడి నిశాచర జంతుశాల 1982లో తెరుచుకుంది. దేశంలో ఈ తరహాలో అదే మొదటిది. పగలు లోపల మసక చీకటి, రాత్రి దీపాల వెలుగు. అలా పొద్దును తారుమారు చేయడంతో దేవాంగపిల్లి, గుడ్లగూబ వంటివి మనం వెళ్లే వేళకు మెలకువగా ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనబడదు. తొందరపడి బయటికి వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడే కాసేపు ఆగితే చీకట్లోంచి ఒక కొమ్మ, కొమ్మ మీద రెండు గుండ్రటి కళ్లు మెల్లగా తేలతాయి.

గోడలు కట్టినంత మాత్రాన వేట ఆగలేదు. 2000 అక్టోబరులో సఖి అనే ఆడపులిని జంతుశాలలోనే చంపి చర్మం ఒలిచిన ఘటన దేశాన్ని కలచివేసింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. అయినా పులి చర్మానికి కొనేవాడున్నంత కాలం బోను కూడా భద్రం కాదని ఆ ఘటనతో తేలిపోయింది.

అత్తాపూర్‌లోని లాకోన్స్, అంటే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల, ఈ జంతుశాలకు ఇరుగుపొరుగు. రెండూ కలిసి చేసిన పనుల్లో అందరూ తెలుసుకోవాల్సింది మూషిక జింక కథ. కుందేలంత ఒళ్లు, పుల్లల్లాంటి కాళ్లు, ఒంటి మీద తెల్లటి చారలు, కొమ్ములు అసలే లేవు. దీన్ని 2010 నుంచి బహదూర్‌పురాలో పెంచి, సంఖ్య పెరిగాక 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. అడవి నుంచి జంతువును పట్టి తెచ్చే దారి ఈసారి ఎదురు నడిచింది. రాబందుల కోసమూ ఇక్కడ సంతానోత్పత్తి కేంద్రం ఏర్పాటైంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీయడంతో 1990ల నుంచి అవి దేశమంతటా కుప్పకూలాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఆసిఫాబాద్ ప్రాంతంలోని బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడినప్పుడు తెలంగాణ పక్షి ప్రేమికులకు పండగే అయింది.

ఆఫ్రికా నుంచి వచ్చిన అతిథులు

2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జీవవైవిధ్య సదస్సు జరిగింది. ఆ సందర్భంగా జంతుశాలను చూసిన సౌదీ యువరాజు ఒకరు రెండు జతల ఆఫ్రికా సింహాలు, రెండు జతల చీతాలు కానుకగా ఇస్తానన్నారు. 2013లో అవి వచ్చాయి. అలా వేట చీతాల ఊసు మరిచిపోయిన నగరం మళ్లీ చీతాను చూసింది. ఆడ చీతా హిబా 2020లో, మగ చీతా అబ్దుల్లా 2023 మార్చిలో చనిపోయాయి. అబ్దుల్లాది గుండెపోటు.

అబ్దుల్లా పోయే నాటికి దేశంలో చీతా కథ మరో మలుపు తిరిగింది. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కుకు చేరాయి. వేట విషయంలో ఆఫ్రికా దక్షిణాది దేశాలది మనకు భిన్నమైన దారి. నమీబియాలో 1996 చట్ట సవరణతో పల్లె సమితులకు తమ భూముల్లోని జంతువుల మీద హక్కు దక్కింది. అనుమతి మీద సాగే వేట రుసుము, పర్యాటకుల సొమ్ము ఊరికే చేరతాయి. బోట్స్‌వానా 2014లో వేటను ఆపి, 2019లో మళ్లీ అనుమతించింది. మన చట్టం వేటను దాదాపు పూర్తిగా మూసేసింది. అక్కడి పద్ధతిని ఇక్కడ దించమనేవారున్నారు. ఎకరాకు ఎకరం జనంతో నిండిన దక్కనులో అది కుదిరే పని కాదు. అయితే అడవి పక్కన బతికేవాడికి జంతువు వల్ల నాలుగు రాళ్లు రావాలన్న మాటను మాత్రం మనం ఇంకా సరిగా పట్టించుకోలేదు.

చూపు పండగ

తెలుగువాళ్లకు పక్షి వీక్షణ బయటినుంచి వచ్చిన అలవాటేమీ కాదు. దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ పాలపిట్టను చూడటం తెలంగాణ ఆచారం. తీగ మీద కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో ఉండి కంటికి ఆనదు. ఎగిరిందా, రెక్కల్లోంచి నీలం ఒక్కసారిగా పరుచుకుంటుంది. దాన్ని చూడటానికి ఊరి చివరికి నడవాలి, తలెత్తాలి, ఓపిక పట్టాలి. పక్షి వీక్షణకు కావలసినవి ఈ మూడే. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో రాష్ట్ర పక్షిగా నిలిచిందీ పాలపిట్టే.

నగరం పెరిగి పొలిమేర దూరమయ్యాక పిట్టను పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి చూపే వ్యాపారం పుట్టింది. కాళ్లకు దారం, రెక్కలకు జిగురు. పండగ ముగిసేసరికి ఆ పిట్ట ఎగరలేదు. ఇది చట్టరీత్యా నేరం, అటవీ శాఖ ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. దేశవాళీ పక్షుల అమ్మకాన్ని 1990ల మొదట్లోనే నిషేధించారు. అందుకే చార్మినార్ పక్కన మహబూబ్ చౌక్‌లోని ముర్గీ చౌక్ పిట్టల బజారు మీద అధికారుల కన్ను ఉంటుంది.

నగరంలో సంఘటితంగా పక్షులను చూసే పని 1980లో ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీతో మొదలైంది. అటవీ అధికారి పుష్ప్ కుమార్, సిరాజ్ తాహెర్ దాని వెనుక నిలిచినవారు. వారి వార్తాలేఖ పేరు ‘పిట్ట’. ఇంతకన్నా మంచి పేరు ఎవరికి తడుతుంది! తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో రాష్ట్ర పక్షుల పట్టికను ప్రచురించారు. ఆ సంఘమే ఇప్పుడు దక్కన్ బర్డర్స్‌గా కొనసాగుతోంది.

ఆ దశకంలోనే వేటగాడి చూపు ఎంత విలువైనదో రుజువైంది. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డాన్ వెలుగులోకి తెచ్చిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. బొంబాయి సొసైటీ పరిశోధకులు నెలల తరబడి వెతుకుతుంటే, రాత్రి దీపం వెలుగులో పట్టి చూపింది పిట్టలు పట్టే స్థానికుడు. తొంభైకి చేరువైన సలీం అలీ దాన్ని చూడటానికి అంత దూరం ప్రయాణమయ్యాడు. హాకా చేసినవాళ్లకు దక్కని గుర్తింపు, ఇక్కడ ఒక పిట్టలవాడికి దక్కింది.

ఇప్పటి చెరువు

చలికాలపు ఉదయం మీర్ ఆలం గట్టున మొదట కనబడేది నీటికాకి. మొద్దు మీద నిలబడి రెండు రెక్కలూ బార్లా చాచి ఎండకు ఆరబెట్టుకుంటుంది. దాని ఈకలు కొంత నీటిని పీల్చుకుంటాయి. లోతుకు మునగడానికి ఆ బరువు కలిసొస్తుంది, పైకొచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. నారాయణ పక్షి ఒడ్డున కదలకుండా కాచుకుని ఉంటుంది. జంతుశాల చెట్లు ఈ పక్షులకు రాత్రి మజిలీ. టికెట్టూ బోనూ లేని జంతుశాల ఇది.

చుట్టుపక్కల బస్తీల మురుగు చేరి నీరు చెడింది, గుర్రపుడెక్క పరుచుకుంది. ఆ ఆకుల మీద తేలిగ్గా నడిచే పొడుగు వేళ్ల పిట్టలకు అది అనువే. గూడబాతులకూ, మునిగి వేటాడే నీటికాకులకూ తెరిచిన నీరు కావాలి. డెక్కను యంత్రాలతో తీస్తారు, మురుగు ఆగకపోవడంతో అది మళ్లీ వస్తుంది. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూ పార్క్ దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరుచుకుంది. పొద్దుగూకే వేళ దాని మీద వెళ్లేవారికి చెరువు వైపు నుంచి కొంగల బారులు జంతుశాల చెట్ల మీదికి దిగుతూ కనిపిస్తాయి.