టోయింగ్ బండికి సింథటిక్ ఆయిలా, మామూలు ఆయిలా? డబ్బు పెట్టే ముందు చూడాల్సినవి

పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద కారు ఆగిపోతే ముందు ఫోన్ వెళ్లేది రికవరీ బండికే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో ఈ పని మీద బతికే ఇళ్లు మనవాళ్లలోనూ ఉన్నాయి. అన్నది మెకానిక్ షెడ్డు, తమ్ముడిది టోయింగ్ బండి, దాని మీద ఫైనాన్స్ కంతు. ఇంజిన్ బోరుకొస్తే కంతు ఆగదు, సంపాదన ఆగుతుంది. అందుకే ఆయిల్ మార్చే రోజు షెడ్డులో వచ్చే ప్రశ్న చిన్నదేమీ కాదు: రెట్టింపు రేటు పెట్టి సింథటిక్ పోయాలా, ఎప్పటిలా మామూలు ఆయిల్ చాలా?

దీనికి ఒకే జవాబు లేదు. బండి బీఎస్-6దా, అంతకు ముందుదా అన్నదాని మీదే సగం జవాబు తేలిపోతుంది.

ముందు ఆ రెండు ఆయిళ్లకు తేడా ఏంటో చూద్దాం. మామూలు ఆయిల్, అంటే మినరల్ ఆయిల్, ముడి చమురును శుద్ధి చేసి తీసింది. సింథటిక్‌ను రసాయన పద్ధతిలో, అణువులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉండేలా తయారు చేస్తారు. అయితే డబ్బా మీద సింథటిక్ అని ఉన్నదంతా అలా తయారైంది కాదు. ముడి చమురునే హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసిన ‘గ్రూప్-3’ ఆయిల్‌ను కూడా సింథటిక్ పేరుతోనే అమ్ముతారు. అమెరికాలో ఈ పేరు మీద మొబిల్, కాస్ట్రాల్ కంపెనీలు గొడవపడితే, అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ 1999లో గ్రూప్-3ని కూడా సింథటిక్ అనవచ్చని తేల్చింది. గ్రూప్-3 చెడ్డదని కాదు, మంచి ఆయిలే. కానీ ఆ ఒక్క మాట చూసి డబ్బులివ్వకూడదు. ‘సెమీ సింథటిక్’ సంగతి ఇంకా నయం, అందులో సింథటిక్ ఎంత కలిపారో చాలా డబ్బాల మీద రాసే ఉండదు.

సింథటిక్ గురించి కంపెనీలు గట్టిగా చెప్పే గొప్ప ఒకటుంది: గడ్డకట్టే చలిలో కూడా బండి వెంటనే స్టార్ట్ అవుతుందని. 15డబ్ల్యూ-40లో ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. 15డబ్ల్యూ ఆయిల్ మైనస్ 20 డిగ్రీల చలిలోనూ ఇంజిన్‌ను తిరగనిస్తుంది, 5డబ్ల్యూ అయితే మైనస్ 30 దాకా. లడఖ్‌లో బండి నడిపేవాళ్లకు ఇది పనికొస్తుంది. మన హిందూపురంలో జనవరి తెల్లవారుజామున ఫజర్‌కు స్వెటర్ వేసుకునే చలికి 15డబ్ల్యూ ఎంతో ఎక్కువ. కాబట్టి ఆ గొప్పకు మనం పైసా ఇవ్వక్కర్లేదు.

మనకు కావాల్సింది రెండో వైపు, వేడి. మామూలుగా తిరిగే బండిలో ఆయిల్ వేడి సుమారు 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఫ్లాట్‌బెడ్ మీద కారు ఎక్కించుకుని ఘాట్‌లో సెకండ్ గేర్‌లో లాగితే అది ఇంకా పైకి పోతుంది. ఒక పాతలెక్క ఉంది: వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగే కొద్దీ ఆయిల్ పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. మామూలు మల్టీగ్రేడ్ ఆయిల్‌లో చిక్కదనం నిలబడటానికి కలిపే పాలిమర్లు కూడా ఈ లాగుడులో నలిగి తెగిపోతాయి. అప్పుడు 40 గ్రేడుగా పోసిన ఆయిల్ పలచబడుతుంది. సింథటిక్‌కు ఆ పాలిమర్లు తక్కువ కావాలి, వేడికి తొందరగా చిక్కబడదు, జిగురు తక్కువ కడుతుంది. ముఖ్యంగా టర్బో ఉన్న ఇంజిన్‌లో ఈ తేడా తెలుస్తుంది. ఘాట్ ఎక్కి పైన వెంటనే తాళం తిప్పేస్తే టర్బో బేరింగ్‌లో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఏ ఆయిల్ పోసినా సరే, లోడు లాగి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. దీనికి ఖర్చేమీ లేదు.

ఇక అసలు సంగతి. పాత టాటా 407, పాత బొలెరో పికప్ లాంటి బీఎస్-3, బీఎస్-4 బండ్లలో చాలావాటికి కంపెనీ అడిగేది 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిలే. అక్కడ సింథటిక్ అన్న మాటకంటే డబ్బా వెనక ఉండే ఏపీఐ గుర్తు ముఖ్యం. ‘సీ’తో మొదలైతే డీజిల్‌కు, ‘ఎస్’తో మొదలైతే పెట్రోలుకు. సీఐ-4 గ్రేడు 2002లో వచ్చింది, సీకే-4 2016 చివర్లో. మాన్యువల్ సీఐ-4 అడిగితే సీఐ-4 మినరల్ ఆయిల్ తీసుకుని టైముకు మార్చండి, చాలు. సర్వో, మ్యాక్ లాంటి ప్రభుత్వ కంపెనీల ఆయిళ్లలోనూ ఈ గ్రేడు దొరుకుతుంది. పాత సీఎఫ్ గ్రేడు ఆయిల్‌ను చవకని పోయడం మాత్రం వద్దు.

‘కొత్త ఆయిల్ మంచిది, మైలేజీ వస్తుంది’ అని ఎవరైనా 5డబ్ల్యూ-30 చేతిలో పెడితే ఆగండి. 150 డిగ్రీల వేడిలో ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో చూసే పరీక్షలో 15డబ్ల్యూ-40కి కనీసం 3.7 రావాలి, మామూలు 30 గ్రేడుకు 2.9 వస్తే సరిపోతుంది. 40 అడిగిన ఇంజిన్‌తో 30 పోసి లోడు లాగించడమంటే బేరింగ్‌ల మీద ప్రయోగం చేయడమే.

బీఎస్-6 బండ్ల లెక్క వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న డీజిల్ బండ్లలో చాలావాటికి సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే పొగ ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోతుంది. ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి: మాన్యువల్ చెప్పినదాన్ని బట్టి సీకే-4 గానీ, యూరప్ గుర్తులైన ఏసీఈఏ సీ2, సీ3 లాంటివి గానీ. వీటిలో సింథటిక్, సెమీ సింథటిక్‌లూ ఎన్నో ఉంటాయి. ఇక్కడ బేరం లేదు. ఆయిల్‌లో మిగిల్చిన వెయ్యి రూపాయలు డీపీఎఫ్ మూసుకుపోయిన రోజు ఎన్నో రెట్లయి పోతాయి.

రికవరీ పనిలో ఇంకో చిక్కుంది. దగ్గర దూరాలు, ఆగడం, మళ్లీ కదలడం వల్ల డీపీఎఫ్‌లో మసి కాలే పని మధ్యలో ఆగిపోతుంటుంది. దాని కోసం అదనంగా చిమ్మిన డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపిస్తే ‘బండి ఆయిల్ తాగట్లేదు, మాషా అల్లా’ అని సంతోషపడకండి. ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం. సింథటిక్ అయినా సరే, వెంటనే చూపించి మార్చాల్సిందే.

ఇప్పుడు రూపాయల లెక్క. రేట్లు ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి కాబట్టి ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. బండికి 7 లీటర్లు పడుతుంది. మినరల్ లీటరు 350, సింథటిక్ 700, ఫిల్టర్ 400. అంటే ఒకసారి మార్చడానికి మినరల్‌కు 2,850, సింథటిక్‌కు 5,300. బండి ఏడాదికి 30,000 కిలోమీటర్లు తిరుగుతుంది. మినరల్‌ను 7,500కు ఒకసారి మారిస్తే ఏడాదికి నాలుగు సార్లు, 11,400. సింథటిక్‌ను 15,000కు మారిస్తే రెండు సార్లు, 10,600. మిగిలేది 800. అదే సింథటిక్‌ను కూడా ‘ఎందుకైనా మంచిది’ అని 7,500కే దించేస్తే 21,200 అవుతుంది. అంటే రెట్టింపు దూరం నడిపితేనే సింథటిక్ గిట్టుబాటు.

ఆ రెట్టింపు దూరం మన బండికి దొరుకుతుందా అన్నదే ప్రశ్న. చాలా మాన్యువల్‌లలో లోడు లాగే బండ్లను, దుమ్ము దారుల్లో తిరిగేవాటిని ‘కఠినమైన వాడకం’ కింద వేరుగా రాస్తారు, వాటికి ఆయిల్ ముందే మార్చమంటారు. దానికి తోడు, వించ్ తిప్పుతూ రోడ్డు పక్కన గంటసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంటే మీటర్‌లో ఒక్క కిలోమీటరూ చేరదు, ఆయిల్ మాత్రం గంటసేపు పనిచేస్తుంది. ట్రాక్టర్‌కు గంటల మీటర్ పెట్టింది అందుకే. టోయింగ్ బండి వాళ్లు కూడా గంటలు ఒక డైరీలో రాసుకుంటే మంచిది. నా అభిప్రాయం అడిగితే, టర్బో లేని పాత బండికి మంచి గ్రేడు మినరలే పోసి, టైముకు మార్చి, మిగిలిన డబ్బు ఎయిర్ ఫిల్టర్‌కు, రేడియేటర్ శుభ్రానికి పెట్టడం నయం. టర్బో ఉండి రోజూ హైవే మీద లోడు లాగే బీఎస్-4 బండికి, మాన్యువల్ ఒప్పుకునే గ్రేడులో 15డబ్ల్యూ-40 సింథటిక్ పోయడంలో అర్థముంది. అక్కడ కూడా దూరాన్ని మాన్యువల్ దాటించొద్దు.

షెడ్డుల్లో వినిపించే మాటలు కొన్ని. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మామూలుది పోయకూడదంటారు, నిజం కాదు. రెండూ కలుస్తాయి, దారిలో తక్కువైతే అదే గ్రేడు మినరల్ టాప్‌అప్ చేసుకుని రావచ్చు. ఆయిల్ నల్లబడితే చెడిపోయిందంటారు. డీజిల్ ఇంజిన్‌లో మసిని పట్టుకోవడం ఆయిల్ పనే కాబట్టి తొందరగానే నల్లబడుతుంది. వేలి మధ్య రుద్ది ఉస్తాద్ ఎంత అనుభవంతో చెప్పినా గ్రేడు తెలియదు. పాత ఇంజిన్‌కు సింథటిక్ పోస్తే లీకులు మొదలవుతాయన్న మాటలో కొంత నిజముంది. పాత మడ్డి కరిగినప్పుడు, అంతవరకూ దాని చాటున ఉన్న అరిగిన సీలు బయటపడుతుంది.

లాగే బండిలో ఇంజిన్ ఆయిల్ ఒక్కటే కాదు, క్రౌన్ ఆయిల్ మీదా అంతే భారం పడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఫ్లాట్‌బెడ్ ఎత్తే హైడ్రాలిక్స్‌కు వేరే ఆయిల్ ఉంటుంది, మిగిలిపోయిన ఇంజిన్ ఆయిల్ అందులో పోయొద్దు.

చివరగా కల్తీ. వాడేసిన ఆయిల్‌ను వడకట్టి, రంగు తేల్చి, పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లు ఉన్నారు. తూకంలో మోసం చేసేవాళ్ల పేరు మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. ఇది తూకం మోసంకన్నా ఒక మెట్టు పైన. మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. రేటు మరీ తక్కువుంటే అనుమానించండి. జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీలో ఉన్న బండికి రేపు అదే ఆధారం. ఆయిల్ పోశాక డబ్బాకు మేకుతో రంధ్రం పొడిచి పాత సామాన్లకు వేయండి. దించిన నల్ల ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. కాలువలో వదలడం, సెంట్రింగ్ పలకలకు పూయడానికి ఇచ్చేయడం మానుకోండి.