బందరు కోట ఎందుకు పడింది?

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. ఆ వారమే మా మనుమడు, "తాతయ్యా, సైన్యాధ్యక్షుడు యుద్ధంలో అందరికంటే ముందు నడుస్తాడా?" అని అడిగాడు. లేదురా, ఆఫీసులో ఉంటాడంటే వాడికి నచ్చలేదు.

ఆ ఆఫీసు చిన్నదేమీ కాదు. శత్రువు జాడ కనిపెట్టడం, ఏ దళం ఎప్పుడు ఎటు కదలాలో నిర్ణయించడం, తిండి, మందుగుండు, జీతం వేళకు చేరేలా చూడటం దాని పని. మన తెలుగువారైన జనరల్ కె.వి. కృష్ణారావు గారు 1981 నుండి 1983 వరకు ఆ కుర్చీలో కూర్చున్నారు. త్రివిధ దళాలకు పొందిక కుదర్చడానికి 2020 జనవరి 1న చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి ఏర్పడగా, జనరల్ బిపిన్ రావత్ మొదట చేపట్టారు. ఇటువంటి ఏర్పాట్లు లేనినాడు ఏమయ్యేదో మన బందరు కోటే చెబుతుంది.

1758లో ఫ్రెంచి సేనాని లాలీ, మద్రాసు పట్టుకోవాలన్న తొందరలో బుస్సీని దక్కను నుండి పిలిపించుకున్నాడు. బుస్సీ ఏళ్ల తరబడి నిజాం దర్బారులో మెలిగినవాడు. ఇక్కడి జమీందార్ల గుట్టుమట్లు తెలిసినవాడు. ఆయన స్థానంలోకి వచ్చిన కాన్‌ఫ్లాన్స్ ఈ సీమకు కొత్త. ఛార్జి లిస్టు మీద సంతకం పెట్టినంతలో సీటు పని వచ్చేయదని మనకు తెలియనిదా! ఆ డిసెంబరులోనే చందుర్తి వద్ద ఇంగ్లీషు కల్నల్ ఫోర్డు చేతిలో ఓడి, చివరకు బందరు కోటలో తలదాచుకున్నాడు.

1759 మార్చిలో ఫోర్డు కోటను ముట్టడించాడు. ఆయన పాట్లు ఆయనకూ ఉన్నాయి. కొల్లసొమ్ములో తమ వాటా ముట్టలేదని తెల్ల సోల్జర్లే తిరగబడ్డారు. ముప్ఫై అయిదేళ్లు జీతాల బిల్లులు వ్రాసినవాణ్ణి, వారి మీద నాకు కోపం రాదు. కోట పడితే వచ్చే సొమ్ము మీద మాట ఇచ్చి ఫోర్డు వారిని దారికి తెచ్చుకున్నాడు. ఇంతలో నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో దగ్గర పడుతున్నాడు. ఇక ఆగితే లాభం లేదు. ఏప్రిల్ 7 రాత్రి నైరుతి దిక్కున బురదలోంచి కొందరిని పంపి అలజడి చేయించి, అసలు దాడి ఈశాన్యం నుండి నడిపించాడు. తెల్లవారేసరికి కోట వశమైంది. పట్టుకున్నవారికంటే పట్టుబడినవారే ఎక్కువ!

లోపల మనుషులకు కొదవ లేదు. వారిని ఏ బురుజుకు పంపాలో తేల్చే తల లేదు. 1977 నవంబరు ఉప్పెన తరువాత దివిసీమలో డ్యూటీ చేసినప్పుడు నాకీ సంగతి బాగా అర్థమైంది. ఏ ఊరికి బియ్యం చేరాయి, ఏ ఊరికి చేరలేదు అనే చిట్టా చేతిలో లేకపోతే, నిండు లారీ రోడ్డు మీదే నిలబడిపోయేది. ఆకలితో ఉన్న ఊరు అక్కడికి రెండు మైళ్లే.

మే నెలలో నిజాం బందరుతోపాటు చుట్టుపట్ల సీమను ఇంగ్లీషువారికి వదిలి సంధి చేసుకున్నాడు. లాలీ అంత తొందరపడిన మద్రాసు కూడా అతనికి దక్కలేదు. ఫిబ్రవరిలోనే ముట్టడి ఎత్తివేసి వెనుదిరిగాడు.