పట్టిసీమ రేవు



ఆలయ చరిత్రలు వ్రాయువారు మూలవిరాట్టుతో మొదలుపెట్టి గోపురముతో ముగించుట పరిపాటి. గర్భగుడికి చేర్చు దారిని, దారి చివరనున్న రేవును, ఆ రేవులో పడవ నడుపు వారిని తలచుట తక్కువ. పట్టిసీమ విషయమున అట్లు కుదరదు. అచ్చట పడవ కదలనిదే దర్శనము లేదు.

కొవ్వూరు నుండి పోలవరము పోవు దారిలో గోదావరి కుడిగట్టున పట్టిసం అను చిన్న గ్రామము కలదు. సంకల్పములో మనము చెప్పుకొను దక్షిణ తీరమిదియే. పూర్వము పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. 2022 జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరినది. ఊరికెదురుగా ఏటి నడుమ దేవకూటాద్రి. దానిపై భద్రకాళీ సమేతుడైన వీరేశ్వరస్వామి, క్షేత్రపాలకుడుగా భావనారాయణస్వామి వెలసియున్నారు. దక్షయజ్ఞ ధ్వంసమున వీరభద్రుడు చేపట్టిన ఆయుధము పట్టిసము. దానిని ఈ జలములలో కడిగినందున ఈ క్షేత్రమునకు ఆ పేరు వచ్చెనని స్థలపురాణము. శివకేశవులకు ఒకే కొండ చాలినది. వాదములన్నియు ఒడ్డున నున్న మనవే.

వేసవిలో ఏరు సన్నగిల్లి ఇసుక తిన్నెలు తేలును. యాత్రికులు కొంతదూరము కాలినడకన, కొంతదూరము పడవపై వెళ్ళుదురు. మహాశివరాత్రికి ఆ ఇసుకయే తిరునాళ్ళ వీధి. శ్రావణ భాద్రపదములలో ఎర్రనీరు దిగినప్పుడు పడవలు కట్టివేయుదురు. అప్పుడు స్వామి కొండపై, భక్తులు గట్టుపై.

ఈ రేవు గుడికి మాత్రమే వాకిలి కాదు. ఇచ్చటికి ఎగువన గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చుచున్నది. రెండు కొండల నడుమ ఏరు స్త్రీ పాపిడివలె సన్నగా కనబడుటచే పాపికొండలు అన్నారని పెద్దల మాట. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ఆరంభించి 1852లో పూర్తిచేయించిన సర్ ఆర్థర్ కాటన్ దొర, ఈ ఎగువ గోదావరిని కూడ నౌకామార్గముగా మార్చవలెనని తలచెను. దుమ్ముగూడెము వద్ద పనులు జరిగినవి. కాని ఏటిలోని రాతి అడ్డంకులు లొంగలేదు; ఖర్చు పెరిగినది; 1871లో ఆ ప్రయత్నము విడిచిపెట్టిరి. ఐనను రాజమహేంద్రవరము నుండి భద్రాచలమునకు లాంచీలు చాలకాలము నడిచినవి. రామదర్శనమునకు పోవువాడు త్రోవలో వీరేశ్వరునకు చేయెత్తి మ్రొక్కుట ఆ కాలపు ప్రయాణము.

పిమ్మట విహారయాత్రలు వచ్చినవి. 1964లో వచ్చిన మూగమనసులు, 2006లో వచ్చిన గోదావరి చిత్రములు ఈ నదిని చూడని వారికిని చూపినవి. పట్టిసం, ఎదుటి గట్టున పురుషోత్తపట్నం యాత్రికులు పడవలెక్కు రేవులైనవి. పేరంటపల్లి మునివాటము, కొండరెడ్ల వెదురు సామగ్రి, భోజనములు, పాటలు. వేడుకకు పోవువారిని చూచి మా వంటివారు కొందరు చిన్నచూపు చూచుట కలదు. నాకది సమంజసముగా తోచదు. పాపికొండల నీడలో పడవ ప్రవేశించినప్పుడు అందరికిని మాట ఆగిపోవును. పాటల పెట్టె ఆపగలిగినచో మరియు బాగుండును, అంతే.

అయితే నది వేడుక నెరుగదు. 2019 సెప్టెంబరు 15న, ఏరు వరదలోనుండగా, గండిపోచమ్మ గుడి వద్ద బయలుదేరిన ఒక యాత్రాపడవ కచ్చులూరు వద్ద మునిగిపోయినది. ఆ నాడు ఒడ్డున నున్న గూడెము వారు తమ చిన్న పడవలతో పోయి 26 మందిని కాపాడిరి. మిగిలినవారు, యాభైమంది వరకు, తిరిగి రాలేదు. మునిగిన పడవను అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయిరి. యాత్రలు నిలిచిపోయినవి. మరల అనుమతించునాటికి నియంత్రణ కేంద్రములు, తనిఖీలు ఏర్పడినవి. తనిఖీ అవసరమే. కాని సుడి ఎచ్చట తిరుగునో కాగితముపై వ్రాసియుండదు. అది అచ్చటనే పుట్టిపెరిగిన పడవవానికి తెలియును. అట్టివాని మాటకు విలువనిచ్చు ఏర్పాటు కూడ ఉండవలెనని నా అభిప్రాయము.

2021 జూన్ మాసమున పోలవరము ప్రాజెక్టు స్పిల్‌వే మీదుగా నదీప్రవాహమును మళ్ళించిరి. ఆనకట్ట పట్టిసమునకు ఎగువన నుండుటచే ఈ రేవు నుండి పాపికొండలకు జలమార్గము మూసుకొనిపోయినది. యాత్రాపడవలు ఇప్పుడు ఆనకట్టకు ఎగువనున్న గండిపోచమ్మ వద్ద బయలుదేరుచున్నవి. ఆ తల్లి గుడియును సుఖముగా లేదు. వరద వచ్చిన ప్రతిసారి నీట మునుగుచున్నది. నీరు తీసిన పిమ్మట బురద కడిగి మరల పూజలు చేయుచున్నారు. దేవీపట్నము మొదలగు గ్రామములవారు పుట్టిన ఇండ్లను విడిచి పునరావాస కాలనీలకు చేరిరి. చేలకు నీరు కోరువారము మనమే. ఆ నీటికి మూల్యము చెల్లించినవారు వీరని మరువరాదు.

పట్టిసమునకు పూర్వపు సందడి లేదు. పేరు మాత్రము దూరము పోయినది. 2015లో ఇచ్చట నెలకొల్పిన ఎత్తిపోతల పథకమున 24 పంపులు గోదావరి జలమును పోలవరము కుడికాలువలోనికి ఎత్తిపోయగా, అది ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియును. రేవులో నేడు ప్రధానముగా మిగిలినది గట్టు నుండి కొండకు పడవ దాటింపు, అనగా తొలినాటి పనియే.

2027లో గోదావరికి పుష్కరములు రానున్నవి. అప్పుడు పట్టిసం వెళ్ళు భక్తులకు ఒక విన్నపము. పడవవాడు నీటిని చూచి ‘ఈ పూట వద్దండి’ అన్నచో వాదులాడవలదు. గట్టునే స్నానమాచరించి, కొండవైపు తిరిగి స్వామికి నమస్కరించి, మరునాడు మరల రండి.