పామును షాపులో కొనాలా, బ్రీడర్ దగ్గర కొనాలా?

పాము పాలు తాగుతుందా, పగబడుతుందా, దాని తలలో మణి ఉంటుందా అనే ప్రశ్నలకి హేతువాదులు జవాబు చెప్పీ చెప్పీ అలిసిపోయారు. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు కుర్రాళ్ళు కొత్త ప్రశ్న వేస్తున్నారు. "పెంచుకోడానికి పామును షాపులో కొనడం మంచిదా, బ్రీడర్ దగ్గర కొనడం మంచిదా?" ఈ ప్రశ్న అమెరికా, యూరప్‌ల నుంచి దిగుమతి అయింది. అక్కడ సాధారణంగా చెప్పే జవాబు "బ్రీడర్ దగ్గరే కొనండి" అని. అందులో నిజం ఉంది. ఎంత నిజం ఉందో తెలియాలంటే కాస్త చరిత్ర తిరగెయ్యాలి.

నేను జంతుశాస్త్రం చదవలేదు. బి.కాం. చదివి, రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి. కనుక దీన్ని స్టాకు లెక్కలాగే చూస్తాను. సరుకు ఎక్కడినుంచి వచ్చింది? దానికి వోచరు ఏది?

ముందు మన దేశం సంగతి. మా చిన్నతనంలో బతికున్న పాము కనిపించే "దుకాణం" పాములవాడి బుట్ట ఒక్కటే. అసలు పెద్ద వ్యాపారం మాత్రం చచ్చిన పాములది. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ చర్మాలు చెప్పులకీ, సంచులకీ, బెల్టులకీ లక్షల సంఖ్యలో విదేశాలకి వెళ్ళేవి. పట్టేవాళ్ళు తమిళనాడు ఇరులల వంటి పేద గిరిజనులు. లాభం చర్మాల వ్యాపారులది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము చర్మాల ఎగుమతి నిషేధించారు. చట్టం మంచిదే, కానీ ఇరులల పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు రోములస్ విటేకర్ చొరవతో, 1978లో, మహాబలిపురం దగ్గర ఇరులల పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడింది. పాముని పట్టుకొస్తారు, మట్టి కుండలో కొన్ని వారాలు ఉంచుతారు, విషం తీస్తారు, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఎన్ని పట్టవచ్చో అటవీ శాఖ అనుమతిలో ఉంటుంది. ఆ విషం పాముకాటు మందు తయారీకి వెళ్తుంది. పాముని అమ్మకుండా పాము మీద బతకవచ్చని చూపించిన లెక్క అది. గుర్తు, అనుమతి, తిరిగి జమ, మూడూ అందులో ఉన్నాయి.

చర్మాల బజారు మూతపడినా ఇంకో బజారు మాత్రం మూఢనమ్మకం చలవ వల్ల బతికే ఉంది. అదే "రెండు తలల పాము" వ్యాపారం. ఇది ఇసుక నేలల్లో, మెట్ట పొలాల్లో ఉండే బోవా జాతి పాము. విషం లేదు. ఎలుకల్ని తింటుంది. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది కాబట్టి శత్రువు మోసపోతాడు. మనిషి కూడా మోసపోయాడు! ఇంట్లో ఉంటే లంకెబిందెలు దొరుకుతాయని, రోగాలు పోతాయని, బరువు పెరిగేకొద్దీ ధర లక్షల్లోంచి కోట్లలోకి వెళ్తుందని నమ్మించే ముఠాలు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో పోలీసులకి పట్టుబడుతూనే ఉన్నాయి.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఇదే పామును అమెరికాలో, యూరప్‌లో బ్రీడర్లు ఇళ్ళలో పిల్లలు పెట్టించి మామూలు పెంపుడు పాములా అమ్ముతున్నారు. ఒక్కొక్కరి దగ్గర అరల నిండా ఉంటాయి. వాళ్ళెవరికీ లంకెబిందెలు దొరకలేదు. దొరికేటట్టయితే పాముని ఎందుకు అమ్ముకుంటారు? మన ఊళ్ళో అమ్మేవాణ్ణి కూడా ఇదే ప్రశ్న అడగాలి.

ఇక ఆ దేశాల కథ. అక్కడ పెంపుడు జంతువుల షాపుల్లో మొదట్లో దొరికినవి ఎక్కువగా అడవిలో పట్టి దిగుమతి చేసిన పాములు. ఒంటి నిండా పిడుదులు, కడుపులో పురుగులు, బోనులో పెడితే తిండి ముట్టవు. కొన్నవాడి ఇంట్లో కొన్నాళ్ళకి చచ్చేవి. క్రమంగా కొందరు అభిరుచితో ఇంట్లోనే గుడ్లు పొదిగించడం నేర్చుకున్నారు. 1992లో బాబ్ క్లార్క్ అనే అమెరికన్ బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువలో తెల్ల రకాన్ని బోనులో పుట్టించాడు. అక్కడినుంచి రంగురంగుల రకాల వేట మొదలైంది. బోనులో పుట్టిన పిల్ల ఆరోగ్యంగా ఉంటుంది, చచ్చిన ఎలుకని తింటుంది, అడవి మీద భారం పడదు. "బ్రీడర్ దగ్గరే కొనండి" అనే మాటకి పునాది ఇదే.

అయితే బ్రీడర్ అనే పేరే పుణ్యం కాదు. రంగు కోసం పెంచిన "స్పైడర్" అనే బాల్ పైథాన్ రకానికి నాడీ లోపం వల్ల తల వణుకుతూ ఉంటుంది. అయినా అమ్మారు. బర్మా కొండచిలువ పిల్లల్ని షాపులూ అమ్మాయి, బ్రీడర్లూ అమ్మారు. అవి పదిహేను అడుగులు పెరిగేసరికి కొన్నవాళ్ళు పెంచలేక ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో వదిలారు. 1992 ఆండ్రూ తుఫానులో ఒక పెంపక కేంద్రం కూలి మరికొన్ని బయటపడ్డాయి. 2000 నాటికి అవి అక్కడ స్థిరపడి పిల్లలు పెడుతున్నాయని తేలింది. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, పాములు ఎక్కువకాలంగా ఉన్న ప్రాంతాల్లో రకూన్ అనే జంతువు కనిపించడం 99 శాతం తగ్గిపోయింది. ఆ ఏడాదే అమెరికా బర్మా కొండచిలువ దిగుమతిని నిషేధించింది.

2017లో ఆ పాముల్ని పట్టడానికి ఫ్లోరిడా వాళ్ళు ఎవర్ని పిలిచారో తెలుసా? మన ఇరులల్నే. మాసి సడైయన్, వడివేల్ గోపాల్ మొదటి ఎనిమిది రోజుల్లోనే 13 కొండచిలువల్ని పట్టించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. ఆసియా పాముని అమెరికా బజారులో అమ్మిన తప్పుని సరిదిద్దడానికి ఆసియా నుంచే మనుషులు వెళ్ళాల్సి వచ్చిందన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "ఇది బోనులో పుట్టింది" అని అమ్మేవాడు అంటాడు. రుజువేమిటి? జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చింది. మన దేశం 1976లో చేరింది. దాని పర్మిట్లలో జంతువు పుట్టుకకి కోడ్ ఉంటుంది. అడవిలో పట్టినదైతే డబ్ల్యూ, బోనులో పెంచిన తల్లిదండ్రులకి పుట్టినదైతే సి, అడవినుంచి తెచ్చిన గుడ్లను పొదిగించినదైతే ఆర్. పామును చూసి ఏ కోడ్‌దో చెప్పలేం. కాగితం మీద ఒక్క అక్షరం మారిస్తే దొంగసరుకు దొరసరుకైపోతుంది.

నా ఉద్యోగంలో మిలిటరీ ఫారాల లెక్కలు చూశాను. 1889లో అలహాబాదులో మొదలై 2021లో మూతపడిన పాల డెయిరీలు అవి. అక్కడ ప్రతి ఆవుకీ నంబరు ఉండేది. పుట్టుక, చావు, కొనుగోలు, అమ్మకం అన్నీ రిజిస్టరులో ఎక్కాల్సి ఉండేది. పది ఆవులున్న చోట ఏడాదికి యాభై దూడలు పుట్టాయని రాస్తే ఏ గుమాస్తా అయినా పట్టేస్తాడు. పాముల విషయంలో సరిగ్గా ఇలాంటి తనిఖీయే ఇద్దరు పరిశోధకులు చేశారు.

జెస్సికా లయన్స్, డేనియల్ నటుష్ 2009 ఆగస్టు నుంచి 2011 ఏప్రిల్ వరకు ఇండోనేషియా దీవుల్లో తిరిగి, అక్రమంగా పట్టిన 4,227 ఆకుపచ్చ కొండచిలువల్ని లెక్క పెట్టారు. అవి జకార్తాలోని "బ్రీడింగ్" ఫారాలకి చేరడం గుర్తించారు. ఆ దేశం ఏటా ఎగుమతి చేసే ఆకుపచ్చ కొండచిలువల్లో కనీసం 80 శాతం అడవిలో పట్టినవేనని తేల్చారు. అంటే బోను మీద "బ్రీడర్" అనే బోర్డు ఉంది, లోపల ఉన్నది అడవి సరుకు. వాళ్ళు సూచించిన మందు నాకు బాగా నచ్చింది. పొదిగిన గుడ్ల పెంకుల్ని ఫారం దాచి చూపించాలి. పెంకులు లేకపోతే పిల్లలు లేనట్టే. గుడ్డు పెంకే వోచరు!

మన దగ్గర ఈ వోచరు ఏమైంది? దేశీ పాముని పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం నేరం. విదేశీ పాముల మీద మాత్రం చాలాకాలం చట్టం చూపు పడలేదు. 2020 జూన్‌లో కేంద్రం ఒక సూచన ఇచ్చింది. ఆరు నెలల్లోపు తమ దగ్గరున్న విదేశీ జంతువుల్ని స్వచ్ఛందంగా ప్రకటిస్తే పత్రాలు అడగబోమని దాని సారాంశం. పద్దుల భాషలో చెప్పాలంటే, వోచరు లేని సరుకుని ఓపెనింగ్ బ్యాలెన్సుగా ఎక్కించుకోవడం. లెక్క ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా అనే వాదన ఉంది. కానీ ఆ తలుపులోంచి నిన్న మొన్న దొంగచాటుగా వచ్చినది కూడా దర్జాగా లోపలికొస్తుంది. 2022 సవరణ చట్టం సైటీస్ జాబితాల్ని మన చట్టంలోకి తెచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. 2024 నిబంధనలతో ఆ జాబితాలోని జంతువుల్ని నమోదు చెయ్యడం తప్పనిసరి అయింది. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది.

ఈలోగా విమానాశ్రయాల లెక్క చూడండి. 2023 ఏప్రిల్‌లో చెన్నైలో మలేషియా నుంచి వచ్చిన ఒక ప్రయాణికురాలి సామానులో 22 పాములు దొరికాయి. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరులో బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెలో 55 బాల్ పైథాన్లు, 17 కింగ్ కోబ్రాలు, 6 కోతులు, మొత్తం 78. కోతులు ఆరూ చచ్చిపోయి ఉన్నాయి. ఆ పెట్టె పట్టుబడకపోతే ఆ బాల్ పైథాన్లు ఏదో ఊళ్ళో "బ్రీడర్ దగ్గర కొన్నవి" అయ్యేవి.

కనుక షాపా, బ్రీడరా అన్నది సగం ప్రశ్నే. మిగతా సగం ఏమిటంటే తల్లిదండ్రులు ఎక్కడున్నాయి, గుడ్డు ఎప్పుడు పగిలింది, ఏం తింటోంది, ఏ పర్మిట్ మీద దేశంలోకి వచ్చింది, రిజిస్ట్రేషన్ నంబరు ఎంత. అన్నిటికీ కాగితం, ఆ కాగితాన్ని నిజమని చూపే వస్తువు ఉంటే అతను బ్రీడరే. "నా మాట నమ్మండి" అంటే షాపులో ఉన్నా ఇంట్లో ఉన్నా అతను నమ్మకం అమ్ముతున్నాడు. రెండు తలల పాము అమ్మేవాడు కూడా అమ్మేది అదే. అప్పుడు కొనకండి. పొలం గట్టున ఎలుకల్ని తింటూ తిరిగే జెర్రిపోతుని దూరం నుంచి చూడటానికి రూపాయి ఖర్చు లేదు, వోచరు అక్కర్లేదు.