డ్రగ్ టెస్ట్‌కు ఇచ్చిన మూత్రం ఎండలో ఉండిపోతే రిపోర్టు మారుతుందా?

కృష్ణపట్నం పోర్టు దగ్గర ఉద్యోగం కోసం మెడికల్ టెస్టుకు వెళ్లారు. లేదా రాత్రి తనిఖీల్లో పోలీసులు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లారు. చిన్న డబ్బాలో మూత్రం ఇచ్చి వచ్చేశారు. ల్యాబ్‌కు చేరేలోపు ఆ డబ్బా ఎక్కడుంది, ఎంతసేపుందనే దాన్ని బట్టి రిపోర్టు మారొచ్చు. మే నెలలో నెల్లూరులో 40 డిగ్రీలు దాటడం మామూలే, దానికి సముద్రపు ఉక్కపోత తోడు. రొయ్యలను ఐసు లేకుండా గడప దాటించని తీరం ఇది. మూత్రం శాంపిల్‌కూ అదే జాగ్రత్త కావాలి.

బయట ఉంచిన మూత్రంలో బ్యాక్టీరియా పెరిగి యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఘాటు వాసన అందుకే. దాంతో పీహెచ్ పెరుగుతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో పీహెచ్ 9 దాటితే శాంపిల్ చెల్లదంటారు, 11 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఏదో కలిపారని తేలుస్తారు. ఎవరూ ఏమీ కలపకపోయినా వేడికి, ఆలస్యానికి 9 దాటే అవకాశం ఉంది.

ఏ డ్రగ్ ఎంత నిలుస్తుంది?

యాంఫెటమిన్లు, మార్ఫిన్, కోడీన్ గట్టివి. కొన్ని రోజులు బయట ఉన్నా పెద్దగా తగ్గవు. గంజాయి ఆనవాలు అలా కాదు, కొంత ప్లాస్టిక్ డబ్బా గోడలకే అంటుకుపోతుంది. సాధారణంగా మొదటి పరీక్షలో మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు, నిర్ధారణ పరీక్షలో 15 నానోగ్రాములు హద్దుగా పెట్టుకుంటారు. హద్దుకు దగ్గరగా ఉన్న శాంపిల్ ఆలస్యమైతే కిందికి జారిపోవచ్చు. పీహెచ్ పెరిగితే కొకైన్ త్వరగా విడిపోతుంది. అందుకే ల్యాబ్‌లు కొకైన్ కంటే, అది విడిపోగా మిగిలే బెంజాయిల్‌ఎక్గోనిన్‌ను వెతుకుతాయి.

హెరాయిన్‌తో చిక్కు పెద్దది. దాన్ని పట్టించే 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్ నిలవక మార్ఫిన్‌గా మారిపోతుంది. కోడీన్ ఉన్న దగ్గు మందు తాగినా మూత్రంలో మార్ఫిన్ వస్తుంది. మొదటి గుర్తు పోతే ఏది వాడారో చెప్పడం కష్టం. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 కింద హెరాయిన్ వాడకానికి ఏడాది వరకు జైలు పడొచ్చు. చీటీ మీద కొన్న దగ్గు మందు నేరమే కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎండ వల్ల శుభ్రమైన మూత్రంలో గంజాయి పుట్టదు. నిల్వ లోపం ఎక్కువగా డ్రగ్‌ను తగ్గిస్తుంది, పెంచదు.

మద్యం సంగతి వేరు

షుగర్ ఉన్నవారి మూత్రంలో గ్లూకోజ్ ఉంటుంది. దానికి ఈస్ట్ తోడై, వెచ్చని చోట గంటల తరబడి ఉంటే డబ్బాలోనే ఆల్కహాల్ తయారవుతుంది, కల్లు పులిసినట్టే. చుక్క ముట్టనివారికీ పాజిటివ్ రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపి కాబట్టి, అవి వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సోడియం ఫ్లోరైడ్ కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఈ పులియడం ఆగుతుంది. మీకు షుగర్ ఉంటే శాంపిల్ ఇచ్చేటప్పుడే చెప్పి, ఫారంలో రాయించండి. మద్యం గురించే అనుమానమైతే రక్త పరీక్ష కూడా చేయమని అడగండి.

మీరు ఏం చూసుకోవాలి?

డబ్బాకు మీ ముందే సీలు వేయాలి. పేరు, తేదీ, సమయం రాశాకే సంతకం చేయండి. వాడుతున్న మందులన్నీ చెప్పండి, దగ్గు మందుతో సహా. వెంటనే పరీక్ష జరగకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. రోజులు పట్టేలా ఉంటే మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించాలి. మాటిమాటికీ కరిగించి మళ్లీ గడ్డకట్టించడమూ మంచిది కాదు.

అరెస్టయితే వైద్య పరీక్ష రిపోర్టు కాపీ మీకు లేదా మీరు చెప్పినవారికి ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 53 చెబుతోంది. శాంపిల్ తీసిన సమయం, ల్యాబ్‌కు అందిన సమయం రెండూ అడిగి పోల్చుకోండి.

క్రీడాకారుల శాంపిల్‌ను ఏ, బీ అని రెండు సీసాల్లో పోస్తారు. అమెరికా రవాణా ఉద్యోగుల పరీక్షల్లోనూ ఇదే పద్ధతి. అక్కడ రెండో సీసాను పరీక్షించేటప్పుడు పాత హద్దు వర్తించదు, డ్రగ్ ఉందా లేదా అన్నదే చూస్తారు. నిల్వలో కొంత తగ్గుతుందని తెలుసు కాబట్టి. అంటే రెండోసారి అంకె తగ్గినంత మాత్రాన మొదటి రిపోర్టు తప్పయిపోదు.