గుమ్మం బయటి దరువు: తెలుగు కతోలిక సంఘంలో పాటగాళ్ల శిక్షణ

చర్చి చరిత్రల్లో గుడి కట్టించిన ఫాదర్ పేరుంటుంది. గంట ఏ దేశం నుంచి వచ్చిందో ఉంటుంది. శంకుస్థాపన ఏ మేత్రానులు చేశారో ఉంటుంది. ఆ గుడిలో తరతరాలుగా పాట ఎత్తుకుంటున్నది ఎవరు, వాళ్లకు ఆ పాట ఎవరు నేర్పారు, నేర్పేటప్పుడు ఏమేం మాన్పించారు అన్న సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. తెలుగు కతోలికుల్లో అత్యధికులు మాల మాదిగలే. కాబట్టి ఇది మన చరిత్రలో రాయకుండా వదిలేసిన ఒక అధ్యాయం అని మేం అనుకుంటున్నాం.

మా ఇంటి నుంచే మొదలుపెడతాం. మా తాత ఉపదేశి. గుంటూరు జిల్లాలో మిల్‌హిల్ ఫాదర్ల కాలంలో కుదురుకుని, తెలుగు పూజ వచ్చాక కూడా చాలా ఏళ్లు చేశాడు. విచారణ గురువు మా పల్లెకు నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. పొద్దుగూకి జనం కూలి నుంచి వచ్చాక లాంతరు పెట్టి జపాలు చెప్పించాలి. పిల్లలచేత జ్ఞానోపదేశం వల్లె వేయించాలి. పాట ఎత్తుకోవాలి. చచ్చినోళ్లని పాటతోనే సమాధుల దొడ్డికి సాగనంపాలి. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన నోటుబుక్కు ఒకటుండేది. దాంట్లో పూజ పాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసిన లాటిన్. కీరియె, గ్లోరియా, క్రేదో. ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ దించాలో పెన్సిల్‌తో తనకు తెలిసిన గీతలు గీసుకున్నాడు. (కీరియె లాటిన్ కాదు, గ్రీకు అని మాకు యూనివర్సిటీకి వచ్చాకే తెలిసింది. మా తాతకి అదీ ఎవరూ చెప్పలేదు.)

ఆయన ఆ పాటలు నేర్చుకున్నది మిషన్ బోర్డింగులో. ఫాదర్ పాడితే పిల్లలు అనాలి, తప్పితే మళ్లీ అనాలి. స్వరలిపి చూపించింది లేదు, అర్థం చెప్పింది తక్కువ. అంతా చెవి చదువే. మా ముత్తాత డప్పు కొట్టేవాడు. ఆయన తన కొడుకులకు దరువు నేర్పిందీ ఇట్లాగే. ముందు నోటితో లయ చెప్పి, తర్వాత కుడిచేతికి సిర్ర, ఎడమచేతికి చిటికెన పుల్ల ఇచ్చి, పెళ్లి దరువుకూ చావు దరువుకూ తేడా చేతికి ఎక్కేదాకా కొట్టించేవాడంట. అంటే ఒకే ఇంట్లో రెండు బళ్లు నడిచాయి. ఒక బడిలో నేర్చుకున్నదాన్ని దేవుని సేవ అన్నారు. రెండో బడిలో నేర్చుకున్నదాన్ని ఊరు వెట్టి కింద జమ కట్టింది. శిక్షణ అని మాత్రం దేన్నీ అనలేదు.

ఇక రోము వైపు చూద్దాం. 1903 నవంబరు 22న పదో పయస్ పోపు చర్చి సంగీతం మీద ఒక శాసనం ఇచ్చాడు. గ్రెగోరియన్ గానమే ఆదర్శం అన్నాడు. ఘనమైన పూజల్లో దేశభాషల పాట కుదరదన్నాడు. గాయక బృందంలో ఆడవాళ్లు ఉండకూడదన్నాడు. పియానో, డోళ్లు, తాళాలు లాంటి మోత వాయిద్యాలు గుడిలోకి తేకూడదన్నాడు. బ్యాండు మేళాన్ని గుడి లోపల నిషేధించి, మేత్రాణుల అనుమతితో బయట ఊరేగింపుల్లో వాయించుకోనిచ్చాడు. గురువిద్యాలయాల్లో గానం నేర్పాలనీ, పెద్ద గుళ్లలో గాయకుల బడులు మళ్లీ పెట్టాలనీ, చర్చి సంగీతానికి ఉన్నత విద్యాలయాలు కావాలనీ ఆ శాసనంలోనే ఉంది. దాని ఫలితంగానే 1911లో రోములో చర్చి సంగీతానికి ఒక ఉన్నత పాఠశాల తెరిచారు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. పోపు ఆ శాసనం రాసేటప్పుడు మా పల్లె గురించి ఆలోచించలేదు. ఇటలీ గుళ్లలోకి నాటకశాలల పాట జొరబడిందనే ఆయన బాధంతా. కానీ ఆ శాసనం వచ్చిపడ్డ నేల ఎట్లాంటిది? ఇక్కడ అంతకుముందు నుంచే ఒక గుమ్మం ఉంది. డప్పు కొట్టేవాడు గుడి బయట ఉండాలి, జాతరకు కొట్టాలి, దేవత ముందు నడవాలి, లోపలికి మాత్రం రాకూడదు. రోము గీసిన గీతా, కులం గీసిన గీతా సరిగ్గా ఒకే గుమ్మం మీద పడ్డాయి. తేరు ఊరేగింపులో మేళం ముందు నడిచి, గుడి మెట్ల దగ్గర ఆగిపోయేది. మావాళ్లకి అందులో కొత్తగా ఏమీ కనపడలేదు.

గుంటూరు ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ 18వ శతాబ్దంలో జెస్యూట్ల కాలంలోనే రెడ్లు, కమ్మలు కొందరు కతోలికులయ్యారు. మాల మాదిగలు గుంపులుగా వచ్చింది 19వ శతాబ్దం చివరి నుంచి. ఒకే విచారణలో కూర్చునే చోట్లు వేరు, సమాధులు వేరు అన్న గుళ్లు ఉండేవి. అట్లాంటి చోట హార్మోనియం పెట్టె ఎవరి ముందు ఉండాలనేది సంగీతానికి సంబంధించిన ప్రశ్నగా ఎప్పుడూ లేదు.

అయితే డప్పును రోమో, ఫాదర్లో మాత్రమే మాన్పించారంటే చరిత్ర సగమే చెప్పినట్టు. మనవాళ్లు కూడా దాన్ని కింద పెట్టారు, తెలిసే పెట్టారు. ఒంగోలులో క్లౌ దొర బాప్టిస్టు మిషన్ చరిత్ర చూడండి. 1866 తర్వాత యర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ల వెంట వచ్చిన మాదిగలు ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డును తినం, జాతరకు డప్పు కొట్టం అన్నారు. పెత్తందార్లు కక్షగట్టి హింసించినా ఆ మాట మీదే నిలబడ్డారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు ప్రొటెస్టెంట్లు, మేం మాట్లాడేది కతోలికుల గురించి. కానీ పల్లెలో డప్పు కింద పెట్టడం వెనక ఉన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే. ఊరు పిలిస్తే పరిగెత్తాల్సిన అవసరం ఇక లేదు అని. మా తాత తన తండ్రి డప్పును అటక మీద పెట్టేశాడు. అది ఆయనకు అవమానం నుంచి విడుదల. దాన్ని ఇప్పుడు మేం సంస్కృతి అని పొగుడుతూ కిందికి దించబోతే, ఆయన ముందు మేం ఏం సమాధానం చెప్పాలో ఆలోచించుకోవాలి.

రెండో వాటికన్ మహాసభ (1962-65) వచ్చింది. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన శాసనంలో ఒక అధ్యాయమంతా సంగీతానికే ఇచ్చారు. గురువిద్యాలయాల్లో, మఠాల్లో, బడుల్లో సంగీతం నేర్పడం చాలా ముఖ్యం, అందుకు అధ్యాపకులను తయారుచెయ్యాలి, పాటగాళ్లకు ఆరాధన గురించి అసలైన శిక్షణ ఇవ్వాలి అన్నారు. మిషన్ దేశాల్లో ప్రజల సొంత సంగీతానికి తగిన స్థానం ఇవ్వాలనీ, మిషనరీలే ఆ సంగీతాన్ని ప్రోత్సహించగలిగేలా శిక్షణ పొందాలనీ రాశారు. 1967 మార్చి 5న వచ్చిన ఉత్తర్వు ఇంకాస్త ముందుకెళ్లింది. స్థానిక ఆచారాన్ని బట్టి గాయక బృందంలో ఆడవాళ్లు ఉండొచ్చు. చిన్న బృందం కూడా కుదరని చోట తగిన శిక్షణ ఉన్న పాటగాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. వాళ్లకు సంగీతంతోపాటు ఆరాధన గురించీ, ఆత్మీయ జీవితం గురించీ నేర్పాలి. ఆ ఒకరిద్దరు అన్న చోట మేం ఆగిపోయాం. అది మా తాత వర్ణనే కదా! ఆడవాళ్ల సంగతీ అంతే. రోము ఒప్పుకునే దాకా మా నాయనమ్మ ఆగిందా? పల్లెలో పాట నిలిచిందే ఆడవాళ్ల గొంతుల మీద.

ఆ 1967 ఉత్తర్వులోనే ఇంకో వాక్యం ఉంది. జనాభిప్రాయంలోనూ వాడుకలోనూ లౌకిక సంగీతానికే తగినవైన వాయిద్యాలను ఆరాధనలోకి తేకూడదు అని. ఎవరి అభిప్రాయం? ఎవరి వాడుక? మృదంగం కచేరీలోనూ మోగుతుంది, దేవుడి ముందూ మోగుతుంది. డప్పూ అంతే. చావుకీ మోగుతుంది, జాతరకీ మోగుతుంది. ఒకటి పవిత్రం, ఒకటి మోత అని తేల్చింది చెవులు కావు.

దేశీయత అన్నమాట వచ్చాక ఏం జరిగిందో చూడండి. 1967లో బెంగళూరులో జాతీయ బైబిల్, ధర్మోపదేశ, ఆరాధన కేంద్రం వెలిసింది. 1969లో పూజలో భారతీయ పద్ధతుల కోసం పన్నెండు అంశాలకు రోము ఒప్పుకుంది. ఆరతి ఉంది, నూనె దీపం ఉంది, అంజలి ఘటించడం ఉంది, శాలువా ఉంది. ఆ పన్నెండింటిలో డప్పు లేదు. ఆ వాతావరణంలోనే భజనలు, శాస్త్రీయ రాగాలు గుళ్లలోకి వచ్చాయి. తిరుచిరాపల్లిలో ఒక కతోలిక గురువు 1977లో మొదలుపెట్టిన కలై కావేరి, కర్ణాటక సంగీతం, భరతనాట్యం నేర్పే కళాశాలగా పేరు తెచ్చుకుంది. (ఆ భరతనాట్యం కూడా దేవదాసీ కుటుంబాల నుంచి ఎవరి చేతుల్లోకి ఎట్లా వెళ్లిందో ఇంకో వ్యాసానికి సరిపడా కథ.) అక్కడ నేర్పుతున్నది మంచి సంగీతమే, మాకు దానితో పోట్లాట లేదు. మా ప్రశ్న వేరు. భారతీయం అనగానే ద్విజుల ఇంటి సొత్తు వైపే చెయ్యి ఎందుకు వెళ్లింది? 1980ల నుంచి దళిత వేదాంతులు అడుగుతున్నదీ ఇదే. లాటిన్ నేర్చుకోమన్నప్పుడు మావాళ్లు నేర్చుకున్నారు. రాగాలు నేర్చుకోమన్నప్పుడూ నేర్చుకున్నారు. రెండుసార్లూ సున్నా నుంచి మొదలుపెట్టిన విద్యార్థులే అయ్యారు. చేతిలో ఉన్న విద్యతో గురువులు కాగల అవకాశం ఒక్కసారీ రాలేదు.

హార్మోనియం సంగతి ఇంకా విడ్డూరం. యూరపులో పుట్టిన పెట్టె అది. స్వరాలు మన సంగీతానికి పనికిరావని ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. అదే మన గుళ్లలో దేశీ వాయిద్యమైపోయింది. మేకతోలుతో, కొయ్య కట్టుతో ఈ నేల మీదే పుట్టిన డప్పు మాత్రం దేశీయత చాలనట్టు బయటే ఉండిపోయింది.

జీతం సంగతి దాటెయ్యకూడదు. 1958 సెప్టెంబరు 3న రోము ఇచ్చిన సంగీత ఉత్తర్వులో, సేవగా ఉచితంగా పాడేవాళ్లు, వాయించేవాళ్లు ఉంటే మెచ్చదగ్గదే, అట్లా చెయ్యలేనివాళ్లకు న్యాయమైన వేతనం ఇవ్వాలి అని స్పష్టంగా ఉంది. మా తాతకి నెలకి వచ్చేది కుటుంబానికి ఎప్పుడూ చాలలేదు. మా నాయనమ్మ మిరపకాయలు కొయ్యబోతేనే ఇల్లు గడిచింది. ఇక డప్పు వాయించేవాళ్లకి పండగ రోజు పెట్టే భోజనమే వేతనం. శిక్షణ గురించి మాట్లాడే పెద్దలు ముందు ఈ లెక్క తేల్చాలి. కూలి మానుకుని వారం రోజులు నేర్చుకోవడానికి వచ్చేవాడి ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

దారి లేదని కాదు. తమిళనాట పరట్టై అని పిలుచుకునే థియోఫిలస్ అప్పావు (1940-2005) మదురై వేదాంత కళాశాలలో జానపద బాణీల్లోనే ఆరాధన కట్టి, కాబోయే పాస్టర్లకు నేర్పాడు. ఆయన ప్రొటెస్టెంటు. కతోలికుల్లో దిండిగల్ శక్తి జానపద కళాకేంద్రంలో కన్యస్త్రీలు దళిత ఆడపిల్లల చేత పఱై పట్టించారు. ఆడవాళ్లు ముట్టకూడదన్న వాయిద్యాన్ని ఆడపిల్లలకే నేర్పారు. మనవైపు చూస్తే, 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం డప్పును వెట్టి చెర నుంచి విడిపించి భుజాన వేసుకుంది. డప్పు కొట్టమని పారిపోయిన తరానికీ, డప్పు కొట్టి హక్కు అడిగిన తరానికీ మధ్య దాదాపు నూట ముప్పై ఏళ్లు. ఈ రెండో మలుపు సభల్లోకి వచ్చినంత వేగంగా గుళ్లలోకి రాలేదు. 2000లో మారంపూడి జోజి హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022లో పూల అంతోని కార్డినల్ అయ్యారు. పీఠాల మీదికి మనవాళ్లు వెళ్లారు. పాట నేర్పే బల్ల దగ్గర కొలమానం మాత్రం పెద్దగా మారలేదు.

ఇందులో మన లోపల మాట కూడా ఒకటుంది. డప్పు మాదిగల చేతిది. మేం తిరిగిన విచారణల్లో ముందుగా చదువు అందుకున్న మాల కుటుంబాల పిల్లలు హార్మోనియం దగ్గర, మాదిగ పిల్లలు గుమ్మం దగ్గర కనపడ్డ చోట్లున్నాయి. దళితులం అని ఒకటిగా మాట్లాడేటప్పుడు దీన్ని దాచిపెట్టడం మంచిది కాదు.

ఆమధ్య ఒక చోట గాయక బృందాల శిక్షణ శిబిరానికి వెళ్లాం. కీబోర్డు, శ్రుతి, పూజలో ఏ ఘట్టానికి ఏ పాట అన్నీ బాగానే చెప్పారు. ఒక పల్లె నుంచి డప్పుతో వచ్చిన యాభై ఏళ్ల మనిషిని, ఊరేగింపు రోజున పిలుస్తామన్నా అని కూర్చోబెట్టారు. సాయంత్రం ఆయన చింతచెట్టు కింద గడ్డి మంటేసి డప్పు కాగబెట్టుకుంటుంటే మేం దగ్గరికి పోయాం. పాస్కా పండగకి మీరేం కొడతారు పెద్దయ్యా అని అడిగాం.

"అదే తెగట్లేదయ్యా," అన్నాడు. "చావు దరువుంది, పెళ్లి దరువుంది. చచ్చి లేచినోడికి ఏం కొట్టాలో మా నాయన చెప్పలా."

తనే ఒకటి కట్టుకుంటున్నానని కొట్టి చూపించాడు. చావు దరువుతో నిదానంగా ఎత్తుకుని, ఒక దెబ్బ ఖాళీ వదిలి, పెళ్లి దరువులోకి తిప్పాడు. ఆ ఖాళీ దగ్గర పాడేవాళ్లు ఆగలేక ముందే అందుకుంటున్నారనీ, ఆడవాళ్లను కూర్చోబెట్టి నాలుగు రాత్రులు నేర్పితేగానీ కుదరదనీ, అందుకు గుడి తాళం చెవి ఎవరిని అడగాలో తెలియట్లేదనీ చెప్పాడు.